ఓపీ కౌంటర్ దగ్గర నుంచి విజయవాడ వైద్యులకు ఒక బహిరంగ లేఖ

సూర్యారావుపేట, గవర్నరుపేట పరిసరాల్లో క్లినిక్‌లు, నర్సింగ్ హోమ్‌లు నడుపుతున్న గౌరవనీయులైన వైద్యులకూ, వాటి నిర్వహణ చూస్తున్న మేనేజర్లకూ నమస్కరించి రాస్తున్న లేఖ.

నేను ఇరవై రెండేళ్ళుగా ఈ నగరంలో ఓపీ కౌంటర్ దగ్గర పనిచేస్తున్నాను. మొదట్లో చీటీలు రాశాను, కొన్నాళ్ళు ఫైళ్ళ గది చూశాను, ఇప్పుడు పేర్లు రాసుకోవడం మొదలుకొని రిపోర్టులు ఇచ్చి పంపేవరకు కౌంటర్ పని అంతా చూసుకుంటున్నాను. ఇన్నేళ్ళలో మూడు చోట్ల చేశాను. వాటిలో ఏ ఒక్కదాని పేరూ ఇక్కడ రాయను, ఎందుకంటే నేను చెప్పబోయేవి ఏ ఒక్క చోటి సంగతులూ కావు. నక్కల రోడ్డులో ఏ మెట్లు ఎక్కినా దాదాపు ఇవే కనిపిస్తాయి. వైద్యం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. వైద్యం చుట్టూ అల్లుకున్న పని గురించి, అంటే నంబరు రాయించుకోవడం, ఫీజు రసీదు, పాత ఫైలు వెతకడం, ల్యాబ్ చీటీ, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పడం వంటి వాటి గురించి మాత్రమే రాస్తున్నాను. రోగి మన గుమ్మం లోపలికి అడుగు పెట్టిన దగ్గర నుంచి తిరిగి రోడ్డెక్కేలోగా మూడు నాలుగు గంటలు గడుస్తాయి; అందులో మీ ఎదుట కూర్చునేది ఆరేడు నిమిషాలు. మిగిలిన సమయమంతా మా దగ్గరే గడుస్తుంది, ఆ సమయం ఎలా గడుస్తోందో చూసే వీలు మీకు దొరకదు. మీరు వచ్చేసరికి హాలు నిండి ఉంటుంది, మీరు బయలుదేరేసరికి ఖాళీ అయిపోతుంది. అందుకే నేను చూసినవి మీ ముందు పెట్టాలనుకున్నాను.

కిందటేడు కంకిపాడు నుంచి ఒక అమ్మాయి మా కౌంటర్‌లో కొత్తగా చేరింది. డిగ్రీ అయిన వెంటనే వచ్చిన పిల్ల, ఆసుపత్రి పని అంతకుముందు ఎరగదు. రెండో రోజు సాయంత్రం, హాలు కిటకిటలాడుతున్న వేళ, రాస్తున్న పెన్ను ఆపి, "అక్కా, ఒక్క మనిషి పేరు మూడు పుస్తకాల్లో ఎందుకు రాస్తున్నాం?" అని అడిగింది. ఎదురుగా పదిమంది నిలబడి ఉన్నారు. "ఇక్కడ అంతేనమ్మా, ముందు రాయి" అన్నాను. పాపం, తల వంచుకుని రాసింది. ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మొదటిది ఓపీ రిజిస్టరు, అది ఉండాలి. రెండోది రసీదు పుస్తకం, అదీ ఉండాలి. మూడోది ఖాకీ అట్ట వేసిన పొడుగు పుస్తకం. పేరు, ఊరు, ఏ డాక్టరు గారు, ఎంత అని నాలుగు గడులు గీసి ఉంటాయి. దాన్ని ఎవరు మొదలుపెట్టారో మర్నాడు పాత కాంపౌండరు గారిని అడిగితే తెలిసింది. చాలా ఏళ్ళ కిందట గుంటూరు నుంచి వారానికి రెండు రోజులు ఒక స్పెషలిస్టు డాక్టరు గారు వచ్చేవారు. ఆయన వాటా లెక్క కట్టడానికి ఆ పుస్తకం పెట్టారు. ఆయన రావడం మానేసి తొమ్మిదేళ్ళయింది. పుస్తకం మాత్రం నిండినప్పుడల్లా కొత్తది కొని తెచ్చి, అవే గడులు గీసి, రాస్తూనే ఉన్నాం. తొమ్మిదేళ్ళలో ఎవరూ దాన్ని తెరిచి చదవలేదు. మనిషికి అర నిమిషం చొప్పున వేసుకున్నా, రోజుకు ఎనభై మందికి నలభై నిమిషాలు ఆ పుస్తకం తినేసింది. మేనేజరు గారితో మాట్లాడి ఆ వారమే దాన్ని ఆపేశాం.

ఈ సంగతి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఆ అమ్మాయి ఆ ప్రశ్న రెండో రోజున అడిగింది. రెండు నెలలు గడిచి ఉంటే అడిగేది కాదు, చెయ్యి దానంతట అదే రాసుకుపోయేది. నేను కూడా నా మొదటి రోజుల్లో ఇలాంటివి అడిగే ఉంటాను; అప్పుడు నాకూ ఎవరో "ఇక్కడ అంతే" అని చెప్పి ఉంటారు. అందువల్ల నా మొదటి మనవి ఇది. మీ దగ్గర కౌంటర్‌లో గానీ, ల్యాబ్‌లో గానీ, సిస్టర్‌గా గానీ, అటెండరుగా గానీ కొత్తగా ఎవరు చేరినా, మొదటి పదిహేను రోజులకు వాళ్ళ చేతికి ఒక నలభై పేజీల నోటుబుక్కు ఇవ్వండి. అర్థం కానిది, వింతగా అనిపించినది, రెండుసార్లు చేయవలసి వచ్చినది, రోగి విసుక్కున్నది, ఏదైనా సరే తమకు తోచిన మాటల్లో రాయమనండి. శనివారం మధ్యాహ్నం ఓపీ అయిపోయాక అరగంట కూర్చుని, ఆ పుస్తకం మీరే స్వయంగా చదవండి. నిర్వహణ నిపుణులను పిలిపించి సలహాలు తీసుకునే స్తోమత పెద్ద ఆసుపత్రులకు ఉంటుంది. చిన్న క్లినిక్‌కు ఆ స్తోమత లేకపోయినా, కొత్తగా చేరే మనిషి మాత్రం ఏటా ఒకరిద్దరు ఉంటారు.

ఇక అన్నిటికంటే ఎక్కువగా నా మనసును పట్టి పీడించే విషయం సాయంత్రం ఓపీ. దాని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, మన్నించండి.

మా దగ్గర పేరు రాయించుకునే ప్రతి ఒక్కరికీ చెప్పే మాట ఒక్కటే: "ఐదు గంటలకు రండి." నలభై మంది పేర్లు రాసుకుంటే నలభై మందీ ఐదింటికే వస్తారు. ఒక్కొక్కరికి సగటున ఆరు నిమిషాలు పడుతుందనుకుంటే మొత్తం 240 నిమిషాలు, అంటే నాలుగు గంటలు. డాక్టరు గారు సరిగ్గా ఐదింటికే మొదలుపెట్టినా ఆఖరి మనిషి దాదాపు తొమ్మిది వరకు కూర్చోవాలి. లెక్క కడితే సగటున ఒక్కొక్కరు వేచి ఉండే సమయం 117 నిమిషాలు వస్తుంది. అదే నలభై మందిలో పదిమందిని ఐదింటికి, పదిమందిని ఆరింటికి, పదిమందిని ఏడింటికి, పదిమందిని ఎనిమిదింటికి రమ్మంటే, డాక్టరు గారు చూసే సమయం నిమిషం కూడా మారదు, వారు ఒక్క క్షణం ఖాళీగా కూర్చోరు, కానీ సగటు నిరీక్షణ 27 నిమిషాలకు దిగుతుంది. కాగితం మీద ఈ లెక్క వేసి చూసిన రోజు నాకు కళ్ళు చెమర్చాయి. ఇరవై ఏళ్ళుగా ఎంతమందిని ఊరికే కూర్చోబెట్టామో అనిపించింది.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. నార్మన్ బెయిలీ అనే బ్రిటిష్ గణాంక శాస్త్రజ్ఞుడు ఆసుపత్రుల ఓపీ క్యూల మీద 1952లోనే అధ్యయనం చేశారు. మొదట ఇద్దరు రోగులను సిద్ధంగా ఉంచుకుని, ఆ తరువాత ఒక్కొక్కరిని సగటు పరీక్షా సమయం ఎంతో అంత ఎడంతో రమ్మంటే, వైద్యుడి సమయం వృథా కాకుండానే రోగుల నిరీక్షణ బాగా తగ్గుతుందని ఆయన చూపించారు. మనకు నిమిషాల లెక్కన పిలవడం కుదరకపోవచ్చు, ఎందుకంటే రోడ్ల సంగతి, బస్సుల సంగతి మన చేతుల్లో లేవు. గంటకు పదిమంది చొప్పున అయితే కుదురుతుంది. ఒకరిద్దరికి ఎక్కువ సమయం పడితే సర్దుకోవడానికి మధ్యలో పావుగంట ఖాళీ వదిలితే సరిపోతుంది.

దీనికి నేను చేర్చదలచినది ఒకటుంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళు అందరూ కృష్ణలంక వాళ్ళో, పటమట వాళ్ళో కారు. తిరువూరు నుంచి, నూజివీడు నుంచి, మైలవరం నుంచి, అవనిగడ్డ అవతలి ఊళ్ళ నుంచి వస్తారు. రాత్రి ఎనిమిది దాటేసరికి వాళ్ళ చూపు గోడ గడియారం మీదే ఉంటుంది. బస్టాండుకు వెళ్ళాక తమ ఊరి బస్సు దొరక్కపోతే ఆ రాత్రి ప్లాట్‌ఫారం మీదే. ఒంట్లో బాగోలేని మనిషి, పక్కన ముసలి భార్య, రాత్రంతా దోమల్లో. అదే సమయంలో రెండు వీధుల అవతల ఉండే ఆయన ఏడో నంబరుతో వచ్చి చూపించుకుని, ఆరింటికల్లా ఇంటికి వెళ్ళి కాఫీ తాగుతూ ఉంటారు. ఆయన తప్పు ఏమీ లేదు, ముందుగా ఫోన్ చేశారు, ముందు నంబరు వచ్చింది. కానీ ఫోన్ ఎత్తినప్పుడు "ఏ ఊరి నుంచి వస్తున్నారండీ?" అని మేము ఒక్క ప్రశ్న అడిగి, దూరం నుంచి వచ్చేవాళ్ళకు ఐదు, ఆరు గంటల నంబర్లు, ఊళ్ళో వాళ్ళకు ఏడు, ఎనిమిది గంటల నంబర్లు ఇస్తే, అటు వాళ్ళు బస్సు అందుకుంటారు, ఇటు వీళ్ళు ఇంట్లో పని ముగించుకుని నిదానంగా వస్తారు. పైసా ఖర్చు లేని మార్పు ఇది. ఒక డాక్టరు గారి ఓపీలో మూడు వారాలు చేసి చూశాం. మొదటి వారం ఎవరూ నమ్మలేదు. ఏడింటికి రమ్మన్నవాళ్ళు కూడా ఐదింటికే వచ్చి కూర్చున్నారు, ఎందుకంటే ఇంతకుముందు మేము చెప్పిన ఏ సమయమూ నిలబడలేదు. రెండో వారం మధ్యలో కొంత నమ్మకం కుదిరింది. మూడో వారానికి హాల్లో కుర్చీలు ఖాళీగా కనిపించాయి. నిలబడి ఎదురుచూసిన గర్భిణీ స్త్రీ ఒక్కరు కూడా లేరు ఆ వారంలో.

ఇక్కడే మిమ్మల్ని చేతులు జోడించి ఒకటి అడగాలి. రౌండ్స్ ఆలస్యం అవుతాయి, ఎమర్జెన్సీ కేసు వస్తుంది, ఆపరేషన్ అనుకున్నదానికంటే గంట ఎక్కువ పడుతుంది. ఇవన్నీ మాకు తెలుసు, బయట కూర్చున్న రోగులకు కూడా చెబితే తెలుస్తుంది. మీరు సాయంత్రం నాలుగింటికి కౌంటర్‌కు ఒక్క ఫోన్ చేసి "ఈ రోజు ఆరున్నర అవుతుందమ్మా" అంటే చాలు. నంబర్లు రిజిస్టరులో ఉన్నాయి, మేమే ఫోన్లు చేసి చెబుతాం. "డాక్టరు గారు దారిలో ఉన్నారు" అని ప్రతి సాయంత్రం అబద్ధం చెప్పే పని మా పిల్లలకు తప్పుతుంది. ఆ అబద్ధం చెప్పలేక ఉద్యోగం మానేసిన అమ్మాయి కూడా నాకు తెలుసు.

మళ్ళీ ఎప్పుడు రావాలి అన్న మాట దగ్గర కూడా మనం చాలా నష్టం చేస్తున్నాం. ఒక పెద్దాయన నందిగామ దాటి ఏదో పల్లె నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చారు. బస్టాండులో రెండు ఇడ్లీలు తిని, టీ తాగి, చేతిలో ఫైలు పట్టుకుని పదింటికి కౌంటర్ దగ్గర నిలబడ్డారు. ల్యాబ్ అబ్బాయి "తిన్నారా తాతగారూ?" అని అడిగాడు. "తిన్నాను బాబూ" అన్నారు ఆయన, మంచి సమాధానమే చెప్పాననుకుని. పరగడుపు షుగర్ పరీక్షకు కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉండాలి కదా, రేపు రమ్మన్నారు. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత నా వైపు చూసి, "పోయినసారి ఎవరైనా చెప్పి ఉంటే తినకపోదునమ్మా" అన్నారు. నిజమే, ఎవరూ చెప్పలేదు. ప్రిస్క్రిప్షన్‌లో ఆ పరీక్ష పేరు ఇంగ్లీషు పొడి అక్షరాల్లో రాసి ఉంది, అంతే. ఆ తరువాత మేము అరచేతంత చీటీ ఒకటి అచ్చు వేయించాం. పెద్ద తెలుగు అక్షరాలతో మూడే వరుసలు: ఏ తేదీన రావాలి, తిని రావాలా తినకుండా రావాలా, ఏమేమి వెంట తెచ్చుకోవాలి. చీటీ ఇచ్చేటప్పుడు "ఏం చేసి రావాలో ఒకసారి నాకు చెప్పండి" అని వాళ్ళ నోటితోనే చెప్పించుకుంటున్నాం. "అర్థమైందా?" అని అడిగితే అర్థం కాకపోయినా తల ఊపుతారు, అది మన వాళ్ళ మర్యాద.

ఆ మర్యాదే ఒకసారి పెద్ద ప్రమాదం దాకా తీసుకువెళ్ళింది. నేను అంతకుముందు పనిచేసిన ఒక చోట ఒకే సాయంత్రం ఇద్దరు వెంకటేశ్వరరావులు వచ్చారు, ఇంటిపేరు మొదటి అక్షరం కూడా ఒకటే. మన జిల్లాలో ఇది వింత కాదు. రిపోర్టులు ఇచ్చే అమ్మాయి "వెంకటేశ్వరరావు గారేనాండీ?" అని అడిగింది, ఆయన అవునన్నారు, కవరు ఇచ్చేసింది. లోపల డాక్టరు గారు కాగితం మీద వయసు చూసి ఆగారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఒకరి మందులు ఇంకొకరు మింగేవారు. ఆ అమ్మాయిని మర్నాడే పనిలో నుంచి తీసేశారు. పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది. ఆరు నెలల తరువాత అదే కౌంటర్‌లో, ఇంకో అమ్మాయి చేతుల మీదుగా, ఇంకో ఇద్దరు ఒకే పేరువాళ్ళ మధ్య, అదే పొరపాటు మళ్ళీ జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన రోగి భద్రతా సూచనల్లో, ఏ రోగినైనా కనీసం రెండు గుర్తులతో సరిచూసుకోవాలని ఉంది. పేరు ఒక గుర్తు, పుట్టిన తేదీ గానీ ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు గానీ రెండో గుర్తు. అంతకంటే ముఖ్యంగా, పేరు మనం చదివి అవునా అని అడగకూడదు, "మీ పేరు చెప్పండి" అని వాళ్ళను అడగాలి. ప్రశ్నను ఈ మాత్రం తిప్పి ఉంటే ఆ మొదటి అమ్మాయి ఉద్యోగం నిలిచేది. ఆ పిల్ల తండ్రి లేని పిల్ల. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తప్పు జరిగినప్పుడు మొదట అడగవలసింది "ఎవరు చేశారు" అని అనుకున్నంత కాలం, కౌంటర్‌లో ఉన్నవాళ్ళు తప్పులను దాచిపెడతారు. జీతంలో కోత పడుతుందన్న భయంతో కవరు మారిన సంగతి చెప్పకుండా పరుగున వెళ్ళి మార్చి తెచ్చిన సందర్భాలు నాకు తెలుసు. దాచిన తప్పు మీ దాకా రాదు, మీ దాకా రానిదాన్ని మీరు సరిచేయలేరు. నోటుబుక్కు ఇవ్వమని పైన రాశాను కదా, ఆ పుస్తకంలో రాసినందుకు ఎవరినీ ఏమీ అనబోమని మీ నోటితో మీరు చెబితేనే అందులో నిజాలు ఉంటాయి.

ఇక రికార్డుల సంగతి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వరద సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేటలను ముంచేసిన తరువాత, నీళ్ళు తీసిన మొదటి వారంలో మా కౌంటర్ ముందుకు వచ్చినవాళ్ళను నేను మరచిపోలేను. పాయకాపురం నుంచి ఒక పెద్దావిడ ఒక పాలిథిన్ కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది. పదేళ్ళ గుండె జబ్బు కాగితాలు అందులో ఉన్నాయి. అన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి, తడి ఆరి గట్టిపడి, విప్పబోతే పెళుసుగా విరిగాయి. ఈసీజీ కాగితాల మీద గీతలు లేవు. డిశ్చార్జి సమ్మరీలో సిరా అంతా ఒకే నీలం మరక అయింది. "మీ దగ్గర ఉంటాయి గదమ్మా, పదేళ్ళ నుంచి ఇక్కడికే వస్తున్నాను" అంది ఆవిడ. మా దగ్గర ఉన్నవి రిజిస్టరులో ఆవిడ పేరు, వయసు, ఊరు, కట్టిన ఫీజు. ఏ మందు పడదో, ఏ మందు ఎంత మోతాదులో వేసుకుంటోందో, ఎక్కడా ఒక్క ముక్క లేదు. డాక్టరు గారు మొదటి నుంచి అన్ని పరీక్షలూ మళ్ళీ రాయవలసి వచ్చింది, అది కూడా ఇల్లంతా నీళ్ళపాలైన మనిషికి.

మన రాష్ట్రంలో ఓపీ ఫైలు రోగి చేతికే ఇచ్చి పంపే అలవాటు ఉంది. అది మంచిదే, వాళ్ళ కాగితాలు వాళ్ళవి. కానీ ఒక్క పేజీ మన దగ్గర ఉండాలి. ఆ పేజీలో దీర్ఘకాలిక జబ్బులు, జరిగిన ఆపరేషన్లు, పడని మందులు, ఇప్పుడు వాడుతున్న మందులు, చివరి ముఖ్యమైన పరీక్షల ఫలితాలు ఉంటే చాలు. అమెరికా వైద్యుడు లారెన్స్ వీడ్, రోగికున్న సమస్యలన్నిటినీ ఒక జాబితాగా ఫైలు మొదట్లోనే రాయాలన్న పద్ధతిని 1968లో ప్రచారంలోకి తెచ్చారు. మనం ఆ జాబితా ఒక్కటైనా పాటిస్తే, కొత్తగా వచ్చిన డ్యూటీ డాక్టరు గారు లావుపాటి ఫైలు తిరగేస్తూ పదే పదే అవే ప్రశ్నలు అడగవలసిన పని ఉండదు. ఇన్‌పేషెంటు రికార్డులను మూడేళ్ళు భద్రపరచాలని, అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలోనే ఉన్నా, మా కౌంటర్ల దగ్గర ఆ అడిగినవాళ్ళను "రేపు రండి, ఎల్లుండి రండి" అని తిప్పడం నేను చూశాను, నేనూ తిప్పాను. ఫైళ్ళ గదిలో వరుస సరిగా లేక దొరకకపోవడమే దానికి కారణం. పేరు మొదటి అక్షరం ప్రకారం కాకుండా రిజిస్ట్రేషన్ నంబరు ప్రకారం పేర్చి, బయటకు తీసిన ప్రతి ఫైలు స్థానంలో ఎవరు తీశారో రాసిన ఒక అట్టముక్క పెడితే, వెతుకులాట చాలావరకు పోతుంది.

కంప్యూటర్ పెడితే ఇవన్నీ పోతాయని చాలామంది మేనేజర్లు నమ్ముతారు. నాకు కంప్యూటర్ అంటే విముఖత లేదు. కానీ మా దగ్గర సాఫ్ట్‌వేర్ వచ్చిన మొదటి ఏడాది, పాత పుస్తకాలు ఏవీ ఆపకుండా, వాటితోపాటు కంప్యూటర్‌లో కూడా ఎక్కించమన్నారు. మూడుసార్లు రాసే పేరు నాలుగుసార్లు రాశాం. అమ్మినవాళ్ళు మేనేజరు గారి గదిలో చూపించారు, కొన్నారు; కౌంటర్ మీద కూర్చునే ఒక్కరినీ అడగలేదు. వయసు నింపకపోతే ముందుకు వెళ్ళని ఆ తెర ముందు, తన వయసు తనకే తెలియని అవ్వను నిలబెట్టి మేము ఎంత ఇబ్బంది పడ్డామో చెప్పలేను. ఏది కొన్నా, కొనకముందు కౌంటర్‌లో రద్దీ వేళ ఒక పూట దాన్ని వాడి చూడనివ్వండి.

ప్రభుత్వం వైపు నుంచి వచ్చిన మంచి మార్పును మాత్రం మనం ఇంకా సరిగా అందుకోలేదు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరులో దేశమంతటికీ వచ్చింది. అందులో కోరిన ప్రతి ఒక్కరికీ 14 అంకెల ఆభా నంబరు, అంటే ఆరోగ్య ఖాతా నంబరు ఇస్తారు. ఓపీ కౌంటర్ దగ్గర అతికించిన క్యూఆర్ కోడ్‌ను రోగి తన ఫోన్‌తో స్కాన్ చేస్తే, పేరు, వయసు, చిరునామా కౌంటర్‌లోని కంప్యూటర్‌కు చేరి, టోకెన్ నంబరు ఫోన్‌కే వస్తుంది. 2022లో ఢిల్లీలో మొదలైన ఈ పద్ధతి తరువాత ఎన్నో ప్రభుత్వ ఆసుపత్రులకు పాకింది. ప్రైవేటు క్లినిక్‌లు కూడా నమోదు చేసుకోవచ్చు. అయితే బటన్ల ఫోన్ వాడే వాళ్ళ కోసం, అసలు ఫోనే లేనివాళ్ళ కోసం పక్కనే ఒక మనిషి నిలబడి సాయం చేయాలి. ఆ మనిషి లేకుండా కోడ్ ఒక్కటి గోడకు అంటిస్తే ముసలివాళ్ళు వెనకబడిపోతారు. రిపోర్టులను మా సొంత ఫోన్లలో వాట్సాప్‌లో పంపించడం గురించి కూడా ఆలోచించండి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. ఉద్యోగం మానేసి వెళ్ళిన అమ్మాయి ఫోన్‌లో వందల మంది రిపోర్టులు అలాగే ఉండిపోవడం న్యాయం కాదు. క్లినిక్ పేరు మీద ఒక ఫోన్ ఉంచితే సరిపోతుంది.

మార్పు వల్ల ఎంత దూరం వెళ్ళవచ్చో చూడాలంటే, మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారు రిటైరయ్యాక 1976లో పదకొండు పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి మన కళ్ళెదుట ఉంది. అక్కడ పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చి, చూపు పరీక్ష, కంటి ఒత్తిడి కొలవడం వంటివన్నీ డాక్టరు దగ్గరికి వెళ్ళకముందే వాళ్ళ చేత పూర్తి చేయిస్తారు. ఆపరేషన్ థియేటర్‌లో పక్కపక్కనే రెండు బల్లలు ఉంటాయి, ఒకదాని మీద పని ముగిసేలోగా రెండోదాని మీద తరువాతి రోగి సిద్ధంగా ఉంటారు. హైదరాబాదులో 1987లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను స్థాపించిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు మన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివినవారే, ఆ సంస్థ ఇప్పుడు మన తాడిగడపలో కూడా ఉంది. ఇవి పెద్ద సంస్థలు, మనవి చిన్న క్లినిక్‌లు, నిజమే. అయినా రోగి మీ గదిలోకి రాకముందే బీపీ, బరువు చూసి, వాడుతున్న మందుల అట్టలన్నీ బయటకు తీయించి పేర్లు రాసి పెట్టడం మా సిస్టర్లు చేయగలరు. మీ ఆరు నిమిషాల్లో రెండు నిమిషాలు సంచిలో మందులు వెతుక్కోవడానికే పోతున్నాయని తలుపు తీసినప్పుడల్లా నాకు కనిపిస్తుంది.

రెండు చిన్న విషయాలు. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో ఆ వైద్య వృత్తి నియమావళిని సవరించారు; అలా రాస్తే మెడికల్ షాపుల నుంచి "ఈ మందేమిటండీ?" అని మాకు వచ్చే ఫోన్లు తగ్గుతాయి, అర్థం కాక వాళ్ళు ఊహించి ఇచ్చే ప్రమాదమూ తగ్గుతుంది. అలాగే, కౌంటర్ దగ్గర అందరూ వింటుండగా "ఏం ప్రాబ్లం?" అని అడగమని మమ్మల్ని ఆదేశించకండి. పెళ్ళికాని ఆడపిల్ల తల్లి వెనక దాక్కుని నిలబడటం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ ప్రశ్న సిస్టర్ గదిలో అడగవచ్చు.

ఇవన్నీ ఒక్కసారిగా చేయమని నేను కోరడం లేదు. ఒక్క డాక్టరు గారి ఒక్క సాయంత్రం ఓపీ తీసుకోండి. వచ్చిన సమయం, లోపలికి వెళ్ళిన సమయం, బయటకు వచ్చిన సమయం, ఈ మూడూ ఒక వారం చీటీ మీదే రాయిద్దాం. రెండో వారం గంటకు పదిమంది చొప్పున, దూరపు ఊళ్ళవాళ్ళకు ముందు నంబర్లు ఇచ్చి చూద్దాం. మూడు నాలుగు వారాల తరువాత ఆ చీటీలు పక్కపక్కన పెట్టి మీరే చూడండి. బాగుంటే ఉంచండి, లేకపోతే ఆపేయండి. అచ్చు వేయించిన తెలుగు చీటీ నమూనా, సమయాలు రాసుకునే కాగితం నా దగ్గర ఉన్నాయి, మీ కౌంటర్‌లో ఎవరికి కావాలన్నా ఇస్తాను. ఆదివారం పూట వచ్చి మీ పిల్లలకు చూపించమన్నా వస్తాను, దానికి నాకేమీ ఇవ్వనక్కరలేదు. నందిగామ పెద్దాయన ఈ నెలాఖరున మళ్ళీ రావాలి, చీటీలో "ఏమీ తినకుండా" అన్న మాట కింద రెండు గీతలు గీసి పంపాను.

ఇట్లు,
ఓపీ కౌంటర్‌లో పనిచేస్తున్న ఒక ఉద్యోగిని,
విజయవాడ